యూఎస్‌బీ డిస్క్ వచ్చినప్పుడు, పోయినప్పుడు డ్రైవర్ ఏం చేయాలి? విండోస్, లినక్స్ రెండింటి మీదా చర్చ

#1 ప్రణీత్_మియాపూర్

అందరికీ నమస్తే. విండోస్ 10, 11 మీద నడిచే ఒక డిస్క్ అప్పర్ ఫిల్టర్ డ్రైవర్ (డిస్క్ డ్రైవర్ పైన కూర్చుని, దానికి వెళ్ళే అభ్యర్థనలను చూసే డ్రైవర్) గురించి సలహా కావాలి. దాని పని ఇది: యూఎస్‌బీ డిస్క్ పెట్టగానే సీరియల్ నంబర్ చదవాలి, అనుమతి జాబితాలో లేకపోతే ఆ డిస్క్ మీదికి రైట్లు ఆపాలి, డిస్క్ తీసేయగానే దాని ఎంట్రీ కొట్టేయాలి.

ఇప్పుడున్న అమరిక: డ్రైవర్ ఎంట్రీలో ఐవో రిజిస్టర్ ప్లగ్ ప్లే నోటిఫికేషన్ పిలిచి, డిస్క్ ఇంటర్‌ఫేస్ క్లాస్‌కి ఒక కాల్‌బ్యాక్ (ఈవెంట్ వచ్చినప్పుడు సిస్టమ్ పిలిచే మన ఫంక్షన్) పెట్టాం. అరైవల్ రాగానే ఆ కాల్‌బ్యాక్‌లోనే ఐవో గెట్ డివైస్ ఆబ్జెక్ట్ పాయింటర్ పిలిచి, సీరియల్ చదివి, వచ్చిన పాయింటర్‌ని ఒక టేబుల్‌లో దాస్తాం. ఒక్కో డిస్క్‌కి డివైస్ ఎక్స్‌టెన్షన్‌లో ఒక టైమర్ ఉంది, 2 సెకన్లకోసారి కౌంటర్లు రాస్తుంది.

కనిపిస్తున్న లక్షణాలు:

1. కొన్ని డిస్కులు పెట్టినప్పుడు ప్లగ్ అండ్ ప్లే (డివైస్‌ల రాకపోకలు చూసే విండోస్ భాగం) మొత్తం బిగుసుకుపోతుంది. ఆ సమయంలో వేరే పోర్టులో మౌస్ పెట్టినా గుర్తుపట్టదు.
2. సేఫ్‌లీ రిమూవ్ నొక్కితే ఎప్పుడూ "డివైస్ వాడుకలో ఉంది" అంటుంది.
3. నడుస్తుండగా లాగేస్తే అప్పుడప్పుడు సీ7 బగ్‌చెక్ (బ్లూ స్క్రీన్).
4. బూట్ సమయానికే తగిలించి ఉన్న డిస్కులు టేబుల్‌లోకి రావు.

నాలుగూ ఒకే తప్పు వల్లనా, వేర్వేరా?

#2 రాధిక_కెర్నల్

ప్రణీత్ గారూ, నాలుగో దానికి జవాబు ఒక్క ఫ్లాగ్. రిజిస్టర్ చేసేటప్పుడు "ఇంక్లూడ్ ఎగ్జిస్టింగ్ ఇంటర్‌ఫేసెస్" ఫ్లాగ్ ఇస్తే, అప్పటికే ఉన్న డిస్కులకు కూడా అరైవల్ కాల్‌బ్యాక్ వస్తుంది. ఇవ్వకపోతే కొత్తవాటికే వస్తుంది.

కానీ అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. మీ డ్రైవర్ ఇప్పటికే ఆ డిస్క్ స్టాక్‌లో (ఒకదాని మీద ఒకటి పేర్చిన డ్రైవర్ల వరసలో) అప్పర్ ఫిల్టర్. డిస్క్ వచ్చిందన్న సంగతి మీకు యాడ్ డివైస్ (కొత్త డివైస్ రాగానే సిస్టమ్ పిలిచే మీ డ్రైవర్ ఫంక్షన్) రూపంలో అందుతూనే ఉంది. మరి నోటిఫికేషన్ ఎందుకు? సొంత స్టాక్‌లో కూర్చుని, బయటి తలుపు తట్టి అదే డిస్క్‌ని మళ్ళీ తెరవడం వల్లే 1, 2 లక్షణాలు పుట్టాయి.

ఒకటోది ఎలా పుట్టిందో చూడండి. కాల్‌బ్యాక్ ప్యాసివ్ లెవెల్‌లో, సిస్టమ్ థ్రెడ్‌లో నడుస్తుంది. ప్లగ్ అండ్ ప్లే మేనేజర్ మీ కాల్‌బ్యాక్ తిరిగొచ్చేదాకా ముందుకు కదలదు. అందులో మీరు డిస్క్‌ని చదివే అనుమతితో తెరిస్తే ఫైల్ సిస్టమ్ మౌంట్ (డిస్క్ మీది ఫైల్ సిస్టమ్‌ని వాడకానికి సిద్ధం చేయడం) మొదలవుతుంది. ఆ మౌంట్‌కి డిస్క్ నుంచి రీడ్లు కావాలి. ఆ హార్డ్ డిస్క్ ఇంకా తిరగడం అందుకోకపోయినా, లోపల ఇంకో డ్రైవర్ ప్లగ్ అండ్ ప్లే కోసం ఎదురుచూస్తున్నా, మీరు ఆగిపోతారు. మీతోపాటు వెనక క్యూలో ఉన్న మౌస్ కూడా ఆగిపోతుంది.

అప్పర్ ఫిల్టర్‌లో సరైన దారి ఇది. యాడ్ డివైస్‌లో డివైస్ ఆబ్జెక్ట్ సృష్టించి, స్టాక్‌కి అటాచ్ అయి, రిమూవ్ లాక్ (పని నడుస్తుండగా డివైస్ ఆబ్జెక్ట్ పోకుండా ఆపే లాక్) ఇనిషియలైజ్ చేయండి. డిస్క్‌ని అక్కడ ముట్టుకోకండి, అది ఇంకా స్టార్ట్ కాలేదు. స్టార్ట్ డివైస్ ఐఆర్‌పీ (డ్రైవర్లకు అందే ఐవో అభ్యర్థన ప్యాకెట్) వచ్చాక దాన్ని కిందికి పంపి, కంప్లీషన్ కోసం ఆగండి. కింది డ్రైవర్ విజయవంతంగా ముగించాక, ఐవో బిల్డ్ డివైస్ ఐవో కంట్రోల్ రిక్వెస్ట్‌తో స్టోరేజ్ క్వెరీ ప్రాపర్టీ తయారుచేసి మీ కింది డివైస్ ఆబ్జెక్ట్‌కే పంపండి. ఇక్కడ హ్యాండిల్ లేదు, ఫైల్ ఆబ్జెక్ట్ లేదు, మౌంట్ లేదు. దీంతో 1, 2, 4 మూడూ పోతాయి.

ఆ క్వెరీ రెండు విడతలుగా చేయాలి. మొదట హెడర్ సైజు బఫర్‌తో అడిగి సైజు ఫీల్డ్ చూడండి, తర్వాత అంత మెమరీ తీసుకుని మళ్ళీ అడగండి. సీరియల్ నంబర్ ఆఫ్‌సెట్ సున్నా అయితే ఆ డివైస్‌కి సీరియల్ లేదని అర్థం. ఆ సున్నాను నిజమైన ఆఫ్‌సెట్ అనుకుని డిస్క్రిప్టర్ మొదలునే స్ట్రింగ్‌గా చదివే కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది.

ఇంకో హెచ్చరిక. డిస్క్ క్లాస్‌కి అప్పర్ ఫిల్టర్ అంటే బూట్ డిస్క్‌కి కూడా అప్పర్ ఫిల్టరే. డ్రైవర్ బూట్ స్టార్ట్‌గా ఉండాలి. రిజిస్ట్రీలో అప్పర్ ఫిల్టర్స్ విలువలో పేరు మిగిలి, ఫైల్ మాత్రం లేకుండా పోతే యంత్రం 7బీ బగ్‌చెక్‌తో బూట్ కాకుండా నిలిచిపోతుంది. అన్‌ఇన్‌స్టాలర్‌లో ముందు రిజిస్ట్రీ పేరు తీసి, ఆ తర్వాతే ఫైల్ తీయండి. ఆ విలువలో వేరేవాళ్ళ ఫిల్టర్ పేర్లు కూడా ఉంటాయి, మీది ఒక్కటే తీయాలి.

#3 యాదగిరి_ఉప్పల్

రాధిక మేడం చెప్పింది కరెక్ట్. రెండో లక్షణం ఎవరి వల్లనో ఊహించాల్సిన పని లేదు తమ్మీ, సిస్టమే చెప్తది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌ల కెర్నల్ పీఎన్‌పీ సోర్స్ కింద 225 నంబర్ ఈవెంట్ చూడు. రిమూవల్‌ను ఎవరు ఆపిన్రో, ప్రాసెస్ పేరు, నంబర్‌తో సహా ఉంటది. అక్కడ సిస్టమ్, ప్రాసెస్ నంబర్ 4 అని ఉంటే ఏదో కెర్నల్ డ్రైవర్ పట్టుకొని కూసున్నట్టు. మామూలు ప్రోగ్రామ్ పేరు ఉంటే ఆ ప్రోగ్రామ్ ఫైల్ మూయలేదన్నట్టు.

నీ దగ్గర కచ్చితంగ 4 అనే ఉంటది. ఎందుకంటే ఐవో గెట్ డివైస్ ఆబ్జెక్ట్ పాయింటర్ నీకు ఫైల్ ఆబ్జెక్ట్ కూడా ఇస్తది, దాని రిఫరెన్స్ నువ్వే వదలాలె. డివైస్ ఆబ్జెక్ట్‌ను డీరిఫరెన్స్ చేస్తే కాదు, ఫైల్ ఆబ్జెక్ట్‌ను చెయ్యాలె. ఈ రెండిట్ల గడబిడ పడేటోళ్ళు మస్తు మంది.

ఇంకోటి. డిస్క్ పెట్టంగనే వచ్చింది, పోయింది, మళ్ళ వచ్చింది అని మూడు ఈవెంట్లు పడుతున్నయా చూడు. పడితే అది డ్రైవర్ తప్పు కాదు, కరెంట్ సాలకపోవుడు. యూఎస్‌బీ 2 పోర్ట్ కాన్ఫిగర్ అయ్యేదాకా 100 మిల్లీఆంప్స్, అయినంక 500 దాకనే ఇస్తది. యూఎస్‌బీ 3 అయితే 150, 900. 2.5 అంగుళాల హార్డ్ డిస్క్ మోటర్ తిరుగుడు మొదలువెట్టినప్పుడు అంతకన్న ఎక్కువ గుంజుతది. క్యాబినెట్ ముందటి పోర్ట్‌కు లోపల సన్న వైర్ ఉంటది, అక్కడ వోల్టేజ్ పడిపోతది. మదర్‌బోర్డ్ వెనక పోర్ట్‌ల పెట్టి సూడు.

#4 ప్రణీత్_మియాపూర్

రాధిక గారూ, యాదగిరన్నా, ధన్యవాదాలు. 225 ఈవెంట్‌లో సిస్టమ్, 4 అనే ఉంది. స్టార్ట్ డివైస్‌లోనే సీరియల్ చదివే పద్ధతికి మారుస్తాను.

రెండు ప్రశ్నలు మిగిలాయి. ఇదే డిస్కుల గురించి లాగ్ రాసే యూజర్ మోడ్ సర్వీస్ ఒకటి ఉంది. అది డిస్క్‌ని తెరిచి ఉంచుతుంది, దానికి రిమూవల్ ఎలా తెలియాలి? రెండోది, సీ7 బగ్‌చెక్ ఎందుకు వస్తోంది?

#5 నవీన్_ఎల్‌బీనగర్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. క్వెరీ రిమూవ్ (డివైస్ తీయొచ్చా అని సిస్టమ్ అడిగే ఐఆర్‌పీ) వచ్చినప్పుడు మన డ్రైవర్ దగ్గర పెండింగ్ పని ఉంటే దాన్ని ఫెయిల్ చేసేస్తే సరిపోదా? అప్పుడు డిస్క్ తీయడమే కుదరదు కదా, లాక్‌ల గొడవే ఉండదు.

#6 రాధిక_కెర్నల్

నవీన్ గారూ, క్వెరీ రిమూవ్ అనేది మర్యాదగా అడిగినప్పుడు మాత్రమే వస్తుంది. చేత్తో లాగేసినప్పుడు ఎవరూ అడగరు, నేరుగా సర్‌ప్రైజ్ రిమూవల్ ఐఆర్‌పీ వస్తుంది. దాన్ని, రిమూవ్ డివైస్‌ని ఫెయిల్ చేయకూడదు. కాబట్టి క్వెరీ రిమూవ్‌ని అడ్డుకుంటే జరిగేది ఒక్కటే: సేఫ్‌లీ రిమూవ్ పనిచేయక విసిగిన మనిషి డిస్క్ లాగేస్తాడు, మీరు తప్పించుకోవాలనుకున్న దారికే మీ కోడ్ వెళ్తుంది. ఫైల్ సిస్టమ్‌కి ఆ హక్కు వదిలేయండి. తెరిచిన ఫైళ్ళు ఉంటే అదే కాదంటుంది.

ప్రణీత్ గారూ, ముందు సీ7. ఆ బగ్‌చెక్ అర్థం: వదిలేసిన మెమరీలో ఇంకా బతికి ఉన్న టైమర్ గానీ డీపీసీ (వాయిదా వేసి నడిపే చిన్న రొటీన్) గానీ దొరికింది. మీ టైమర్ డివైస్ ఎక్స్‌టెన్షన్‌లో ఉంది, ఎక్స్‌టెన్షన్ డివైస్ ఆబ్జెక్ట్‌తోపాటే పోతుంది. టైమర్ క్యాన్సిల్ చేస్తే చాలదు. క్యాన్సిల్ ఫాల్స్ అని తిరిగొస్తే, డీపీసీ అప్పటికే క్యూలో ఉండొచ్చు లేదా వేరే ప్రాసెసర్ మీద నడుస్తూ ఉండొచ్చు. అందుకే క్యాన్సిల్ తర్వాత కేఈ ఫ్లష్ క్యూడ్ డీపీసీస్ పిలవాలి. డీపీసీలోనే టైమర్‌ని మళ్ళీ సెట్ చేసే పద్ధతి అయితే, ముందు ఒక "ఆగిపో" ఫ్లాగ్ పెట్టాలి. లేకపోతే మీరు క్యాన్సిల్ చేసిన మరుక్షణం అది మళ్ళీ సెట్ అవుతుంది.

ఇక అసలు విషయం. డివైస్ పోవడం వేరు, డివైస్ ఆబ్జెక్ట్ పోవడం వేరు. లాగేసిన క్షణంలో హార్డ్‌వేర్ పోతుంది. కానీ ఎవరి దగ్గరైనా హ్యాండిల్ తెరిచి ఉంటే, సర్‌ప్రైజ్ రిమూవల్ వచ్చాక కూడా రిమూవ్ డివైస్ ఐఆర్‌పీ ఆ హ్యాండిల్ మూసేదాకా రాదు. ఆ మధ్య కాలం కొన్ని సెకన్లు కావొచ్చు, గంటలు కావొచ్చు. ఆ వ్యవధి అంతా మీ డ్రైవర్‌కి రీడ్లు, రైట్లు, ఐవోక్టల్‌లు (డివైస్‌కి పంపే కంట్రోల్ అభ్యర్థనలు), చివరికి క్లోజ్ వస్తూనే ఉంటాయి. కాబట్టి సర్‌ప్రైజ్ రిమూవల్‌లో డిటాచ్ చేయకూడదు, డిలీట్ చేయకూడదు. "హార్డ్‌వేర్ లేదు" అని స్థితి మార్చుకుని, టైమర్ ఆపి, ఐఆర్‌పీని కిందికి పంపాలి. ఆ తర్వాత ఎవరైనా ఐవోక్టల్ పంపితే మీరు సొంతంగా ఏమీ చేయకుండా కిందికి వదలండి, కింది డ్రైవర్ తగిన ఎర్రర్ ఇస్తుంది.

రిమూవ్ లాక్ వాడే తీరు:

ప్రతి డిస్పాచ్ రొటీన్ మొదట్లో ఐవో అక్వైర్ రిమూవ్ లాక్, ట్యాగ్‌గా ఆ ఐఆర్‌పీ పాయింటర్. అది స్టేటస్ డిలీట్ పెండింగ్ ఇస్తే ఐఆర్‌పీని అదే స్టేటస్‌తో పూర్తిచేసి వెనక్కి రండి. కంప్లీషన్ రొటీన్ పెట్టిన ఐఆర్‌పీకి లాక్ వదలాల్సింది కంప్లీషన్ రొటీన్‌లో, అదే ట్యాగ్‌తో. పెట్టని ఐఆర్‌పీకి కాల్ డ్రైవర్ తిరిగొచ్చాక.

రిమూవ్ డివైస్‌లో కూడా మొదట అక్వైర్ చేయాలి. ఐఆర్‌పీని కిందికి పంపాక ఐవో రిలీజ్ రిమూవ్ లాక్ అండ్ వెయిట్. మిగతా అందరూ లాక్ వదిలేదాకా అది కదలదు. ఆ తర్వాతే డిటాచ్, చివరగా డిలీట్.

ఆ వెయిట్ ఎప్పటికీ తిరిగి రాకపోతే ఏదో ఒక ఎర్రర్ దారిలో లాక్ వదలడం మరిచిపోయారని అర్థం. తొంభై శాతం ఇది "పారామీటర్ సరిగా లేదు" అని ముందే రిటర్న్ అయ్యే చోట ఉంటుంది. విండీబీజీ డీబగ్గర్‌లో రెమ్‌లాక్ ఎక్స్‌టెన్షన్ కమాండ్ లాక్ లోపలి కౌంట్ చూపిస్తుంది. డ్రైవర్ వెరిఫయర్ (డ్రైవర్ తప్పులు పట్టే విండోస్ టూల్) ఆన్ చేసి పరీక్షించడం తప్పనిసరి.

#7 కామేశ్వరి_ఫైల్‌సిస్టమ్స్

సర్వీస్ ప్రశ్నకు నేను చెప్తాను. విండోలేని సర్వీస్ రిజిస్టర్ డివైస్ నోటిఫికేషన్‌కి సర్వీస్ హ్యాండిల్ ఇచ్చి, సర్వీస్ కంట్రోల్ డివైస్ ఈవెంట్ రూపంలో వార్తలు అందుకోవచ్చు. విండోస్ 8 నుంచి సీఎం రిజిస్టర్ నోటిఫికేషన్ ఉంది, కొత్త కోడ్‌కి అదే శుభ్రంగా ఉంటుంది. కీలకం ఏమిటంటే ఇంటర్‌ఫేస్ క్లాస్‌కి రిజిస్టర్ చేసుకుంటే వచ్చింది, పోయింది అనే రెండు వార్తలే వస్తాయి. "తీయబోతున్నాం, వదులుతావా" అన్న క్వెరీ రిమూవ్ వార్త రావాలంటే తెరిచిన హ్యాండిల్ మీద విడిగా రిజిస్టర్ చేసుకోవాలి.

క్వెరీ రిమూవ్ రాగానే హ్యాండిల్ మూసేయండి, రిజిస్ట్రేషన్ మాత్రం ఉంచండి. తర్వాత రెండింట్లో ఒకటి వస్తుంది. రిమూవ్ కంప్లీట్ వస్తే రిజిస్ట్రేషన్ కూడా తీసేయండి. రిమూవల్ క్యాన్సిల్ అయిందని వస్తే పాత రిజిస్ట్రేషన్ తీసి, డిస్క్‌ని కొత్తగా తెరిచి, కొత్త హ్యాండిల్ మీద మళ్ళీ రిజిస్టర్ చేసుకోండి. ఈ క్యాన్సిల్ దారిని చాలామంది రాయరు. ఒకసారి సేఫ్‌లీ రిమూవ్ విఫలమయ్యాక వాళ్ళ సర్వీస్ ఆ డిస్క్‌ని ఇక చూడదు. లాగేసినప్పుడు క్వెరీ లేకుండా నేరుగా రిమూవ్ కంప్లీట్ వస్తుంది, అప్పుడు హ్యాండిల్ మూయడం మరవకండి. అది మూస్తేనే కెర్నల్‌లో రిమూవ్ డివైస్ కదులుతుంది.

రిజిస్ట్రేషన్ తీసే ముందు చేతిలో ఏ లాక్ ఉందో చూసుకోండి. నడుస్తున్న కాల్‌బ్యాక్ ముగిసేదాకా ఆగే అన్‌రిజిస్టర్ ఫంక్షన్‌ని, కాల్‌బ్యాక్ కూడా కోరుకునే లాక్ పట్టుకుని పిలిస్తే ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగిపోతారు.

డిస్క్ వివరాలే కావాలంటే, హ్యాండిల్ తెరిచేటప్పుడు కోరే అనుమతి సున్నా ఇవ్వండి. స్టోరేజ్ క్వెరీ ప్రాపర్టీకి అది చాలు, మౌంట్ కూడా జరగదు.

ఇక రైట్లు ఆపే పని గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. దాన్ని డిస్క్ ఫిల్టర్‌లో చేయకండి. సెక్టార్ స్థాయిలో రైట్ ఫెయిల్ చేస్తే, అప్పటికే ఫైల్ సిస్టమ్ యూజర్‌కి "రాశాను" అని చెప్పి ఉంటుంది, ఎందుకంటే డేటా క్యాష్‌లోనే ఉంది. కొద్దిసేపటి తర్వాత "డిలేడ్ రైట్ ఫెయిల్డ్" అని వస్తుంది. కాపీ అయిందని నమ్మి వెళ్ళిపోయిన మనిషి దగ్గర ఫైల్ ఉండదు. మినీఫిల్టర్‌లో (ఫైల్ సిస్టమ్ పైన కూర్చునే ఫిల్టర్ డ్రైవర్) ప్రీ క్రియేట్ దగ్గరే, అంటే ఫైల్ తెరవకముందే, రైట్ అనుమతి అడిగిన ఓపెన్‌ని స్టేటస్ మీడియా రైట్ ప్రొటెక్టెడ్ అని తిప్పిపంపితే, ఎక్స్‌ప్లోరర్ అప్పటికప్పుడే తెలిసే భాషలో చెబుతుంది.

మినీఫిల్టర్‌కి వాల్యూమ్ రాక ఇన్‌స్టెన్స్ సెటప్ కాల్‌బ్యాక్‌లో తెలుస్తుంది. అక్కడ ఎఫ్‌ఎల్‌టీ గెట్ డిస్క్ డివైస్ ఆబ్జెక్ట్‌తో కింది డివైస్ తీసుకుని బస్ టైప్ అడగండి. నెట్‌వర్క్ వాల్యూమ్‌కి ఆ పిలుపు విఫలమవుతుంది, దాన్ని ఎర్రర్‌గా కాక "మనకు సంబంధం లేదు" అని తీసుకుని డూ నాట్ అటాచ్ తిరిగివ్వండి. తీసుకున్న డివైస్ ఆబ్జెక్ట్ రిఫరెన్స్ వదలాలి. వాల్యూమ్ పోయేటప్పుడు టియర్‌డౌన్ స్టార్ట్, టియర్‌డౌన్ కంప్లీట్ అని రెండు కాల్‌బ్యాక్‌లు. పెండింగ్‌లో పెట్టుకున్న ఆపరేషన్లను మొదటిదానిలో వదలాలి, మెమరీ క్లీనప్ కాంటెక్స్ట్ క్లీనప్ రొటీన్‌కే వదలాలి.

డిస్క్‌నీ వాల్యూమ్‌నీ కలపడానికి స్టోరేజ్ గెట్ డివైస్ నంబర్ సరిపోతుంది. ఒక వాల్యూమ్ రెండు డిస్కుల మీద పరుచుకుని ఉంటే మాత్రం వాల్యూమ్ డిస్క్ ఎక్స్‌టెంట్స్ అడగాలి.

అసలు డ్రైవరే అవసరమా అని కూడా ఆలోచించండి. అన్ని రిమూవబుల్ డిస్కులకూ రైట్ ఆపడమే లక్ష్యమైతే, గ్రూప్ పాలసీలో రిమూవబుల్ స్టోరేజ్ యాక్సెస్ కింద "రిమూవబుల్ డిస్క్స్: డినై రైట్ యాక్సెస్" ఉంది. సీరియల్ వారీగా జాబితా కావాలంటేనే సొంత డ్రైవర్.

#8 సలీం_మెహదీపట్నం

లినక్స్ వైపు అడిగేవాళ్ళు కూడా ఈ చర్చ చదువుతారు కాబట్టి రాస్తున్నాను. పేర్లు మారాయి తప్ప సమస్య రాధిక గారు చెప్పిందే: హార్డ్‌వేర్ పోయినా ఆబ్జెక్ట్ ఉంటుంది.

యూఎస్‌బీ డ్రైవర్‌లో ప్రోబ్ (డివైస్ వచ్చినప్పుడు), డిస్‌కనెక్ట్ (పోయినప్పుడు) అని రెండు ఫంక్షన్లు. డిస్‌కనెక్ట్ తిరిగొచ్చాక ఆ ఇంటర్‌ఫేస్‌కి కొత్త యూఆర్‌బీ (యూఎస్‌బీ అభ్యర్థన) పంపకూడదు. కానీ యూజర్ దగ్గర ఫైల్ డిస్క్రిప్టర్ తెరిచే ఉండొచ్చు. అందుకని స్ట్రక్చర్‌లో కేరెఫ్ (ఎంతమంది వాడుతున్నారో చెప్పే లెక్క), ఒక మ్యూటెక్స్, ఒక డిస్‌కనెక్టెడ్ ఫ్లాగ్ పెట్టుకోవాలి. డిస్‌కనెక్ట్‌లో మ్యూటెక్స్ పట్టుకుని ఫ్లాగ్ మార్చి, యూఆర్‌బీలను కిల్ చేసి, కేరెఫ్ ఒకటి తగ్గించాలి. రీడ్, రైట్‌లలో అదే మ్యూటెక్స్ పట్టుకుని ఫ్లాగ్ చూసి, పోయి ఉంటే ఈనోడెవ్ ("డివైస్ లేదు" ఎర్రర్) ఇవ్వాలి. చివరి రిలీజ్‌లో కేరెఫ్ సున్నా అయినప్పుడే మెమరీ వదలాలి. కెర్నల్ సోర్స్‌లో యూఎస్‌బీ స్కెలిటన్ డ్రైవర్ సరిగ్గా ఇదే నమూనా, ముందు దాన్ని చదవండి.

స్టోరేజ్‌కి మాత్రం సొంత యూఎస్‌బీ డ్రైవర్ రాయాల్సిన అవసరం దాదాపు రాదు. కెర్నల్‌లో ఉన్న యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ గానీ యూఏఎస్ డ్రైవర్ గానీ ఆ పని చేస్తుంది. మీకు కావాల్సింది యూడెవ్ (డివైస్ ఈవెంట్లకు స్పందించే లినక్స్ సర్వీస్) నియమం. అక్కడ జరిగే పెద్ద పొరపాటు: రన్ కీలో మౌంట్ కమాండ్ రాయడం. యూడెవ్ డెమన్ తన సొంత మౌంట్ నేమ్‌స్పేస్‌లో నడుస్తుంది కాబట్టి ఆ మౌంట్ బయట ఎవరికీ కనిపించదు. పైగా అది ఎక్కువసేపు నడిచే ప్రోగ్రామ్‌లకు చోటు కాదు, ఈవెంట్ ప్రాసెసింగ్ ముగియగానే వాటిని చంపేస్తుంది. దానికి బదులు ట్యాగ్‌గా సిస్టమ్‌డీ ఇచ్చి, సిస్టమ్‌డీ వాంట్స్‌లో మీ సర్వీస్ యూనిట్ పేరు రాయండి. యూనిట్‌లో బైండ్స్ టూ పెడితే డిస్క్ పోగానే సర్వీస్ కూడా ఆగుతుంది.

ఏ ఈవెంట్ వస్తోందో యూడెవ్‌ఏడీఎం మానిటర్‌ని కెర్నల్, యూడెవ్, ప్రాపర్టీ ఆప్షన్లతో నడిపి చూడండి. కెర్నల్ పంక్తి వచ్చి యూడెవ్ పంక్తి రాకపోతే ఏదో నియమం మధ్యలో ఇరుక్కుంది. పేరుగా ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని ఎక్కడా రాయకండి. లాగి మళ్ళీ పెట్టినప్పుడు పాత ఎస్‌డీబీని ఎవరైనా ఇంకా పట్టుకుని ఉంటే కొత్తది ఎస్‌డీసీగా వస్తుంది. డెవ్ కింద డిస్క్ డైరెక్టరీలో బై ఐడీ లేదా బై యూయూఐడీ లింకులు వాడండి.

మర్యాదగా తీయాలంటే: అన్‌మౌంట్, ఆ తర్వాత యూడిస్క్స్‌సీటీఎల్ పవర్ ఆఫ్. అది లేని సర్వర్లో సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ డివైస్‌లను ఫైళ్ళుగా చూపే చోటు) ఆ డిస్క్ డివైస్ డైరెక్టరీలోని డిలీట్ ఫైల్‌లో 1 రాస్తే, కెర్నల్ సింక్రనైజ్ క్యాష్ కమాండ్ పంపి ఆపై డిస్క్‌ని వదులుతుంది. లాగేశాక డీమెసేజ్ చూపే కెర్నల్ లాగ్‌లో "సింక్రనైజ్ క్యాష్ ఫెయిల్డ్, డిడ్ నో కనెక్ట్" అని వస్తే భయపడకండి. పోయిన డిస్క్‌కి ఆ కమాండ్ పంపడానికి ప్రయత్నించి విఫలమైందని అంతే. భయపడాల్సింది దాని పైన "బఫర్ ఐవో ఎర్రర్, లాస్ట్ ఎసింక్ పేజ్ రైట్" ఉంటే. అంటే రాయాల్సిన డేటా పోయింది. మామూలు సెట్టింగుల్లో డర్టీ పేజీ (మెమరీలో మారి, డిస్క్‌కి ఇంకా రాయని డేటా) డిస్క్‌కి వెళ్ళడానికి 30 సెకన్ల దాకా పట్టొచ్చు, డర్టీ ఎక్స్‌పైర్ సెంటీసెకన్లు విలువ 3000.

#9 వంశీ_ఎన్‌వీఎంఈ

యూఎస్‌బీ ఒక్కటే కాదు, యూ.2 బేల్లో (డిస్కులు పెట్టే గూళ్ళు), థండర్‌బోల్ట్ పెట్టెల్లో ఎన్‌వీఎంఈ డిస్కులు (పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద నడిచే ఎస్‌ఎస్‌డీలు) కూడా నడుస్తుండగా లాగుతారు. అక్కడ ప్రమాదం వేరే రకం. యూఎస్‌బీలో పోయిన డివైస్ ఎర్రర్ ఇస్తుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో పోయిన డివైస్ రిజిస్టర్ చదివితే అన్ని బిట్లూ 1గా ఒక విలువ వస్తుంది. ఎర్రర్ కాదు, మామూలు విలువలాగే వస్తుంది.

కంట్రోలర్ ఆపి, రెడీ బిట్ 0 అయ్యేదాకా తిరిగే లూప్ ఊహించండి. డివైస్ పోతే ఆ బిట్ ఎప్పటికీ 1. ఇక రెడీ 1 అయ్యేదాకా ఆగే లూప్ అయితే వెంటనే "రెడీ" అని నమ్మి, లేని డివైస్‌కి కమాండ్లు పంపుతుంది. రెండూ చెడే. కాబట్టి స్టేటస్ రిజిస్టర్ చదివిన ప్రతిచోటా, బిట్ చూడటానికి ముందు మొత్తం విలువ అన్నీ 1లా అని చూడాలి. అయితే వెంటనే "పోయింది" దారికి వెళ్ళాలి.

ఇంకా దాగిన ఉచ్చు ఒకటి ఉంది. టైమౌట్ ఎంతో కేపబిలిటీ రిజిస్టర్‌లోని 8 బిట్ల టీఓ ఫీల్డ్ చెబుతుంది, ప్రమాణం 500 మిల్లీసెకన్లు. డివైస్ పోయాక ఆ ఫీల్డ్ చదివితే 255 వస్తుంది, అంటే 127.5 సెకన్లు. టైమౌట్ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉన్న డ్రైవర్ రెండు నిమిషాలకు పైగా రిమూవల్‌ని ఆపి కూర్చుంటుంది. కేపబిలిటీ రిజిస్టర్‌ని ప్రోబ్‌లో ఒక్కసారి చదివి దాచుకోండి, ఆపే దారిలో మళ్ళీ చదవకండి.

పెండింగ్ కమాండ్లను కూడా మీరే ఎర్రర్‌తో పూర్తిచేయాలి. ఇంటరప్ట్ ఇక రాదు. లినక్స్‌లో ఎన్‌వీఎంఈ ఐవో టైమౌట్ డిఫాల్ట్ 30 సెకన్లు. మీరు పూర్తిచేయకపోతే ప్రతి రిక్వెస్ట్ ఆ 30 సెకన్లూ వేలాడుతుంది, పైన అన్‌మౌంట్ కూడా దానితోపాటే.

#10 యాదగిరి_ఉప్పల్

టెస్టింగ్ మాట ఎవరూ తియ్యలే, నేను చెప్త.

డివైస్ మేనేజర్‌ల డిసేబుల్ కొట్టి "రిమూవల్ టెస్ట్ అయింది" అనుకోవద్దు. అది క్వెరీ రిమూవ్ దారి. సర్‌ప్రైజ్ దారి నడవనే నడవదు. డ్రైవర్ కిట్‌ల డివైస్ ఫండమెంటల్స్ టెస్టులున్నయి, అండ్ల పీఎన్‌పీ సర్‌ప్రైజ్ రిమూవ్ టెస్ట్ వేరేగ ఉంది, అది నడుపు. తర్వాత నిజంగ చేత్తోని గుంజు.

వర్చువల్ మెషిన్ల చేస్తే క్యూఈఎంయూ మంచిగుంటది. మానిటర్‌ల డివైస్ డెల్ కొడితే యూఎస్‌బీ స్టోరేజ్ టక్కున పోతది, గుంజినట్టే. గానీ పీసీఐ డివైస్‌కు అదే కమాండ్ కొడితే ముందు గెస్ట్‌ను అడుగుతది, అది మర్యాద దారి. రెండూ ఒకటే అనుకుంటే వంశీ అన్న చెప్పిన కేసు టెస్ట్ కాకుంట మిగిలిపోతది.

మాటిమాటికి గుంజుడు చేతులతోని అయ్యే పని కాదు. పోర్ట్ వారీగ పవర్ బంద్ చేసే హబ్ తీసుకొని లినక్స్‌ల యూహబ్‌సీటీఎల్‌తోని నడుపు. కొనే ముందు చూసుకో: మస్తు హబ్‌లు ఆ సౌకర్యం ఉందని చెప్తయి గానీ వోల్టేజ్ నిజంగ కొయ్యవు. ఎల్‌ఈడీ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి ఆఫ్ కొట్టు, లైట్ పోకుంటే ఆ హబ్ వద్దు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ల కొనేటట్టయితే ల్యాప్‌టాప్ తీస్కపోయి దుకాణంలనే చూసి కొను.

టెస్ట్ పెట్టెల ఏమేం ఉండాలె: సీరియల్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి, సీరియల్ లేని సస్తాది ఒకటి, ఒకటే సీరియల్ ఉన్న రెండు సస్తావి దొరికితే ఇంకా మంచిది, బయటి హార్డ్ డిస్క్ ఒకటి, యూఏఎస్ మాట్లాడే ఎస్‌ఎస్‌డీ పెట్టె ఒకటి, రెండు స్లాట్ల కార్డ్ రీడర్ ఒకటి. గుంజే టైమ్‌లు: పెద్ద ఫైల్ కాపీ నడుమ, మౌంట్ నడుస్తున్నప్పుడు, పెట్టి పెట్టంగనే సగం ఎన్యూమరేషన్‌ల, సేఫ్‌లీ రిమూవ్ నొక్కిన వెంటనే. ఇంకోటి ఎవ్వరూ చెయ్యరు: సిస్టమ్‌ను స్లీప్‌ల పెట్టి, డిస్క్ గుంజి, అదే పోర్ట్‌ల వేరే డిస్క్ పెట్టి లేపు. పాత డిస్క్ సీరియల్‌తోనే కొత్తదానికి అనుమతి ఇస్తుందా చూడు.

#11 ప్రణీత్_మియాపూర్

స్టార్ట్ డివైస్‌కి మార్చాక 1, 2, 4 పోయాయి. టైమర్‌కి ఫ్లాగ్, క్యాన్సిల్, ఫ్లష్ వరస పెట్టాక వెరిఫయర్ కింద సీ7 రావట్లేదు. రైట్ ఆపే పని మినీఫిల్టర్‌కి మారుస్తున్నాం.

యాదగిరన్న జాబితాలో రెండు తేలాయి. సీరియల్ లేని పెన్‌డ్రైవ్‌ని వేరే పోర్టులో పెడితే వేరే డివైస్‌గా కనిపిస్తోంది. కార్డ్ రీడర్‌లో ఒక కార్డ్‌కి అనుమతి ఇస్తే, తీసి ఏ కార్డ్ పెట్టినా అనుమతి ఉన్నట్టే నడుస్తోంది. అరైవల్ కూడా రావట్లేదు.

#12 కామేశ్వరి_ఫైల్‌సిస్టమ్స్

మొదటిది సహజం. యూఎస్‌బీ డిస్కుల బల్క్ ఓన్లీ మాస్ స్టోరేజ్ ప్రమాణం సీరియల్‌లో కనీసం 12 అక్షరాలు ఉండాలంటుంది, కానీ చవక చిప్‌లు పాటించవు. సీరియల్ లేకపోతే విండోస్ పోర్ట్‌ని బట్టి ఇన్‌స్టెన్స్ ఐడీ తయారుచేస్తుంది. ఆ ఐడీలో రెండో అక్షరం యాంపర్‌సాండ్ అయితే అది విండోస్ సొంతంగా కట్టినది. అలాంటి డివైస్‌ని జాబితాలోకే తీసుకోకండి.

రెండోది భద్రతలో నిజమైన కంత. రిమూవబుల్ డివైస్ వేరు, రిమూవబుల్ మీడియా వేరు. కార్డ్ రీడర్‌లో డిస్క్ డివైస్ రీడరే. అది కదల్లేదు కాబట్టి యాడ్ డివైస్ రాదు, స్టార్ట్ డివైస్ రాదు. మీరు చదివిన సీరియల్ కూడా రీడర్‌దే, కార్డ్‌ది కాదు.

కార్డ్ తీసినప్పుడు రీడర్ టెస్ట్ యూనిట్ రెడీ (సిద్ధంగా ఉన్నావా అని అడిగే) కమాండ్‌కి నాట్ రెడీ, అదనపు కోడ్ 3ఏ ఇస్తుంది. కొత్త కార్డ్ పెట్టాక మొదటి కమాండ్‌కి యూనిట్ అటెన్షన్, అదనపు కోడ్ 28 వస్తుంది. కింది డిస్క్ డ్రైవర్ దీన్ని చూసి వెరిఫై రిక్వైర్డ్ అంటుంది, ఫైల్ సిస్టమ్ పాత వాల్యూమేనా అని చూసి, కాకపోతే పాతదాన్ని వదిలి కొత్తగా మౌంట్ చేస్తుంది. అప్పుడు మీ మినీఫిల్టర్‌కి ఇన్‌స్టెన్స్ సెటప్ మళ్ళీ వస్తుంది. నిర్ణయం వాల్యూమ్ ఇన్‌స్టెన్స్ కాంటెక్స్ట్‌లో పెట్టుకోండి, డిస్క్ టేబుల్‌లో కాదు. యూజర్ మోడ్ సర్వీస్‌కి కావాలంటే తెరిచిన హ్యాండిల్ మీద జీయూఐడీ ఐవో మీడియా అరైవల్, మీడియా రిమూవల్ అనే కస్టమ్ వార్తలు వస్తాయి.

#13 సలీం_మెహదీపట్నం

లినక్స్‌లో ఇదే సందర్భానికి యాడ్ ఈవెంట్ బదులు చేంజ్ ఈవెంట్ వస్తుంది, అందులో డిస్క్ మీడియా చేంజ్ విలువ 1. మీ నియమంలో యాక్షన్ యాడ్ మాత్రమే రాస్తే కార్డులు కనిపించవు. కెర్నల్ దానికదే రీడర్‌ని అడగాలంటే బ్లాక్ మాడ్యూల్ పోల్ విలువ ఉండాలి. కెర్నల్ డిఫాల్ట్ 0, యూడెవ్‌తో వచ్చే నియమం దాన్ని 2000 మిల్లీసెకన్లు చేస్తుంది. సొంతంగా కట్టిన చిన్న సిస్టమ్‌లో ఆ నియమం లేకపోతే కార్డ్ పెట్టినా నిశ్శబ్దమే.

స్లీప్‌లో మార్చేసే కేసుకి కూడా ఒక మాట. యూఎస్‌బీ పర్సిస్ట్ ఆన్‌లో ఉంటే, లేచాక కెర్నల్ డిస్క్రిప్టర్లు పోల్చి ఒకేలా ఉంటే అదే డివైస్ అనుకుంటుంది. ఒకే మోడల్ కార్డ్ రీడర్, లోపల వేరే కార్డ్ అయితే మోసపోతుంది, పాత ఫైల్ సిస్టమ్ క్యాష్‌తో కొత్త కార్డ్ మీద రాస్తుంది. అలాంటి యంత్రాల్లో ఆ డివైస్ పవర్ డైరెక్టరీలో పర్సిస్ట్‌కి 0 రాయండి.

#14 రాధిక_కెర్నల్

ప్రణీత్ గారూ, కామేశ్వరి గారు చెప్పినదానికి తోడు ఒక షరతు చేర్చండి: డిస్క్రిప్టర్‌లో రిమూవబుల్ మీడియా ట్రూ ఉండి, స్టార్ట్ సమయంలో మీడియా లేకపోతే దాన్ని రీడర్‌గా పరిగణించి, సీరియల్ జాబితాలో ఉన్నా రైట్ ఆపండి. మామూలు పెన్‌డ్రైవ్ కూడా రిమూవబుల్ మీడియా ట్రూ అనే చెబుతుంది కాబట్టి ఆ ఒక్క బిట్ చూసి నిర్ణయించకూడదు. కార్డ్ లోపల ఉండగానే రీడర్‌ని తగిలిస్తే ఈ షరతు పట్టుకోలేదు. ఆ కేసుకి వెండర్, ప్రొడక్ట్ ఐడీల నిషేధ జాబితా విడిగా ఉంచండి. ఒక్కో స్లాట్ ఒక్కో డిస్క్‌గా వస్తుంది, కాబట్టి రెండు స్లాట్లకూ షరతు విడివిడిగా పరీక్షించండి.